ఆవకాయ బేసినులో క్లచ్ ప్లేట్లు

అక్క పోయిన నెలకి గుడివాడలో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వంటిల్లు సర్దడానికి మాధవి ఒక్కతే అవస్థ పడుతోందని బావగారు ఫోన్ చేశారు. మాధవి మా అక్క కూతురే, అదే ఇంట్లో పై వాటాలో ఉంటుంది. ఇద్దరం గచ్చు మీద కూర్చుని అలమరలోంచి గిన్నెలు తీసి, ఉంచేవీ ఇచ్చేసేవీ పాత సామాన్లవాడికి వేసేవీ విడివిడిగా పెడుతున్నాం. పాత సామాన్ల కుప్పలోకి ఒక ఇనప చక్రాన్ని వేయబోయి మాధవి ఆగింది. అరచేయంత ఉంటుంది, మధ్యలో ఖాళీ, లోపలి అంచు చుట్టూ పళ్ళు, అక్కడక్కడా కాలిన నీలం మచ్చలు. "పిన్నీ, అమ్మ పాలగిన్నె ఎప్పుడూ దీనిమీదే దింపేది. ఏదో స్టాండు అనుకునేదాన్ని. స్టాండుకి పళ్ళెందుకు?" అంది. క్లచ్ ప్లేటు అని చెప్పాను. దేని క్లచ్ అని అడిగింది. మీ అమ్మ బండిది అన్నాను. వాళ్ళమ్మ బండి నడిపేదని మాధవికి తెలుసు. ట్యాంకు మీద కూర్చుని వెళ్ళడం లీలగా గుర్తుందంటుంది. కానీ ఈ చక్రం సంగతి తెలియదు. అప్పుడు చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఈ మధ్య చాలా విషయాలు చెప్పడం మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తున్నాను. ఇదొక్కటైనా చివరిదాకా రాద్దామని కూర్చున్నాను.

డిగ్రీ పూర్తయి, ఏం చెయ్యాలో తోచక, నేను అక్క దగ్గర ఉన్న రోజులవి. దివిసీమలో అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో అక్క ఆరోగ్య కేంద్రంలో నర్సు. బావగారు బందరు కోర్టులో గుమాస్తా. వారమంతా బందరులో గది తీసుకుని ఉండి శనివారం సాయంత్రం వచ్చేవారు, సోమవారం మొదటి బస్సుకి వెళ్ళేవారు. ఇంట్లో అక్క, అక్క అత్తగారు, నేను. మాధవి అప్పటికి పుట్టలేదు. అత్తగారు అందరికన్నా ముందు లేచి వాకిలి చిమ్మి, కాఫీ తాగి, ఆ తర్వాత ఎవరితోనైనా తగువుకి సిద్ధంగా ఉండేది. అక్క కిరసనాయిలు స్టవ్ మీద సిరంజిలూ కత్తెరలూ వేసి మరిగించేది. ఇంట్లో ఒక పక్క అన్నం, ఒక పక్క సూదులు ఉడుకుతుండేవి. గంజి వాసనా డెట్టాల్ వాసనా కలిసి వచ్చేవి. గాలి మళ్ళితే కాలవ అవతలి పల్లెపాలెం నుంచి ఎండుచేపల వాసన వచ్చి ఆ రెంటినీ కప్పేసేది. నేను అవనిగడ్డ గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలు అరుగు మీద కూర్చుని చదువుకునేదాన్ని. పనికొచ్చే మనిషిని కాదని అత్తగారు నా గురించి పొరుగువాళ్ళకి చెప్పేది, నాకు వినపడేలా.

అక్క తిరగాల్సిన ఊళ్ళు కాలవ గట్ల వెంబడి ఉండేవి. వాటికి బస్సు లేదు. మొదట్లో నడిచింది, తర్వాత సైకిలు తొక్కింది. ఒకసారి పురుటికి పిలిస్తే దారిలో సైకిలు పంచరయి, తోసుకుంటూ వెళ్ళేసరికి ఆలస్యమైంది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ ఇల్లు ఎవరిదో అక్క నాకెప్పుడూ చెప్పలేదు, ఆ ఊరి మీదుగా వెళ్ళినప్పుడు మాత్రం మాట్లాడటం ఆపేసేది. బావగారి మోటారు సైకిలు అప్పటికి పశువుల కొట్టంలో గోనెపట్టా కప్పుకుని ఉంది. నడుం నొప్పి వల్ల ఆయన బస్సుకే అలవాటు పడ్డారు. అక్క ఆయన్నే నేర్పమని అడిగింది. ఆయన సరదాకి అనుకుని నేర్పారు. పక్క వారానికి అక్క ఆ బండి మీద డ్యూటీకి వెళ్ళిపోయింది. తెల్లచీర కుచ్చిళ్ళు వెనక్కి దోపుకుని, హ్యాండిల్‌కి మందుల సంచీ తగిలించుకుని వెళ్తుంటే గట్టు మీద జనం పక్కకి తప్పుకుని నిలబడి చూసేవాళ్ళు. నవ్వేవాళ్ళు కూడా. అక్క పట్టించుకునేది కాదనడం అబద్ధం. ఇంటికి వచ్చాక ఎవరెవరు నవ్వారో నాకు చెప్పేది.

వాన పడితే అక్కడి రేగడి మట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మెత్తి పట్టేస్తుంది. పూర్తిగా క్లచ్ వదిలితే బండి జారి కాలవలో పడుతుంది. అందుకని అందరూ క్లచ్ సగం నొక్కిపట్టుకునే నడుపుతారు. పాలవాళ్ళూ, చేపల బుట్టలు కట్టుకుని వెళ్ళేవాళ్ళూ, కొత్తగా రొయ్యల చెరువులు తవ్వించినవాళ్ళూ అందరిదీ అదే తీరు. అక్కదీ అంతే. రెండు వర్షాకాలాలు తిరిగేసరికి ప్లేట్లు అరిగిపోయాయి. ఇంజను అరిచేది, బండి కదిలేది కాదు. గట్టు ఎక్కేచోట అక్క దిగి తోసేది, కాలిన వాసన చీరకి పట్టేది. బావగారు ఒక ఆదివారం అవనిగడ్డ షెడ్డుకి తీసుకెళ్ళి చూపించారు. అక్కడి మెకానిక్కు రెండడుగులు నడిపి చూసి, "ఆడాళ్ళ చెయ్యండి. క్లచ్ వదలరు. ఇవాళ మార్చినా మళ్ళీ ఇదే గొడవ" అన్నాడట. ఆ మాట బావగారి మీద పనిచేసింది. కోర్టు క్యాంటీనులో ఆయన్ని ఇదివరకే ఆటపట్టిస్తున్నారు, ఇంటావిడ మోటారు సైకిలూ ఈయన బస్సూ అని. సోమవారం చెప్పులు వేసుకుంటూ అన్నారు, "బంటుమిల్లి ఆయనొకడు రొయ్యల చెరువుల మీద తిరగడానికి బండి చూస్తున్నాడు. ఆదివారం వస్తాడు. వచ్చిందానికి ఇచ్చేద్దాం. నీకు కొత్త సైకిలు కొంటాను." అక్క సరేననలేదు, వద్దనలేదు. ఆయన వెళ్ళాక నాతో అంది, "పాలెంలో దుర్గకి ఈ పదిరోజుల్లో పురుడు. మొదటి కాన్పు. సైకిలు మీద వెళ్ళమంటారు."

అక్క లెక్క ఒక్కటే. బండి పాడైంది కాబట్టి అమ్ముతున్నారు, బాగైతే అమ్మడానికి కారణం ఉండదు. బాగైన బండి ఇంకా తొందరగా అమ్ముడుపోతుందన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. అన్ని పుస్తకాలు చదివే నాకైనా తట్టాల్సింది. షెడ్డుకి తీసుకెళ్తే ఆ మెకానిక్కు బావగారికి కబురు చేస్తాడు. అందుకని ఇంట్లోనే వేద్దామంది. ఇదివరకు బండి షెడ్డుకి వెళ్ళినప్పుడు బాగయ్యేదాకా పక్కనే నిలబడి చూసిన మనిషి ఆవిడ. ఒకసారి చూసిన కాన్పు మర్చిపోనట్టే ఒకసారి చూసిన ఇంజనూ మర్చిపోలేదు. నేను బందరు వెళ్ళి, కోర్టు వైపు పోకుండా, స్పేరు పార్టుల కొట్లో ప్లేట్లూ ఇంజను మూతకి వేసే ప్యాకింగూ కొన్నాను. కొట్టాయన "మీ నాన్నగారు పంపారామ్మా?" అని అడిగాడు. అవునండీ అన్నాను. మా నాన్నగారు పోయి అప్పటికి చాలాకాలమైంది. కాదని చెబితే ఇంకా ఎన్ని ప్రశ్నలు వస్తాయోనని భయం. ఆయన సరుకు కాగితంలో చుట్టి, "వేసే ముందు ఆయిల్లో నానబెట్టాలని మీ నాన్నగారితో చెప్పు, ఎండువి వేస్తే మళ్ళీ కాలిపోతాయి" అన్నాడు.

బండిని అరుగుకి ఆనించి, మధ్యలో బియ్యం గోతాం పెట్టి వాల్చాం. పాత ఆయిలు వదిలితే నల్లగా వచ్చింది. అక్క చేతులు సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని, ఉతికిన తెల్లగుడ్డ అరుగు మీద పరిచింది. పురుటికి సామాను ఎలా పరుస్తుందో అలాగే పరిచింది. విప్పిన బోల్టు విప్పినట్టు ఆ గుడ్డ మీద వరసగా పెట్టమంది, ఏది ఎక్కడిదో మారకుండా. మూత బోల్టులు అన్నీ ఒక్క పొడవు కావు. నేను ఒకటి ఎత్తి చూస్తుంటే, "పుస్తకం కాదే అది, కింద పెట్టు" అంది. మూత వచ్చాక లోపల స్ప్రింగులు కనపడ్డాయి. వాటి బోల్టులు ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా వదులు చేసింది. ఒకటే పూర్తిగా తీస్తే పక్కకి తన్నుతుందట. పైన పళ్ళెంలాంటిది ఊడి వచ్చాక ప్లేట్లు బయటికి వచ్చాయి, బిరుసు పూతవి ఒకటి, ఇనపది ఒకటి, మార్చి మార్చి. పూత నున్నగా అరిగిపోయి మెరుస్తోంది. అక్క దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నాకూ చూపించింది. కాలిన వెంట్రుకల వాసన. "ఇదే నా చీరలకి పట్టేది" అంది.

కొత్తవి నానబెట్టడానికి వెడల్పాటి గిన్నె కావాలి. అక్క వంటింట్లోకి వెళ్ళి ఆవకాయ కలిపే పెద్ద బేసిను తెచ్చింది. అందులో పడుకోబెట్టి కొత్త ఇంజనాయిలు పోసింది. అత్తగారు పెరట్లోంచి వచ్చి చూసింది.

"ఏమిటమ్మాయ్ అది?"

"క్లచ్ ప్లేట్లత్తయ్యా. నానాలి."

"నానబెట్టడానికి అవేమన్నా మినపపప్పా? అది నా ఆవకాయ బేసిను."

"ఆవకాయ ఎండల్లో కదత్తయ్యా. కడిగి ఇస్తాను."

"ఎన్నిసార్లు కడిగితే పోతుంది ఆ కంపు? వేసవికి ఆవకాయ తిన్నవాడల్లా పెట్రోలు బంకు ఎక్కడుందని అడుగుతాడు."

అక్క పాత ప్లేట్లు గుడ్డలో చుడుతూ మెల్లగా అంది, "వచ్చే మంగళవారం మోపిదేవి వెళ్ళాలన్నారు కదా. బండి అమ్మేస్తే ఎలా వెళ్తారు మరి?"

కోడలి వెనకాల పక్కకి కూర్చుని, ఒక చేత్తో కొబ్బరికాయ సంచీ, ఒక చేత్తో కోడలి భుజం పట్టుకుని, గట్టు మీద అందరికీ కనపడుతూ గుడికి వెళ్ళడం అత్తగారికి ఎంత ఇష్టమో మాకు తెలుసు. ఆవిడ బేసిను మీద ఒక తాటాకు చేట తెచ్చి బోర్లించింది. "దుమ్ము పడుతుంది. ఎంతసేపు నానాలి?" అంది. ఎండ వాలేదాకా అని అక్క చెప్పింది. ఆ మధ్యాహ్నమంతా అత్తగారు అటుగా వెళ్ళినప్పుడల్లా చేట ఎత్తి చూసి మళ్ళీ మూసింది. పిండి పులిసిందేమో చూస్తున్నట్టు చూసేది. అక్క పాత ప్యాకింగు ముక్కలు బ్లేడుతో గీకుతూ కూర్చుంది. మూత అంచున అవి ఎండి అంటుకుపోయాయి. గీత పడితే ఆయిలు కారుతుందని నన్ను ముట్టుకోనివ్వలేదు. నేను కిరసనాయిల్లో బోల్టులు కడిగి తుడిచాను. అక్క దగ్గర ఉన్న రోజులన్నిటిలో ఆ మధ్యాహ్నం ఒక్కటే నాకు చాలా పొడుగ్గా గుర్తుంది.

ఎండ వాలాక ప్లేట్లు ఒక్కొక్కటీ ఆయిలు చిందకుండా తీసి వరసలో వేశాం. మూత పెట్టి బోల్టులు ఎదురెదురుగా బిగించింది. ఆయిలు పోసింది. క్లచ్ తీగ బిగువు రెండు మూడుసార్లు సరిచేసింది. కిక్ కొడితే ఇంజను లేచింది. గేరు వేస్తే బండి ఒక్కసారి ముందుకు దూకి ఆగిపోయింది. అక్క ముఖం చూసి నాకు భయమేసింది. దిగి, పానాతో తీగ ఇంకాస్త బిగించి మళ్ళీ ఎక్కింది. ఈసారి మెత్తగా కదిలింది. గట్టు ఎక్కేచోట దిగలేదు. అవతలిదాకా వెళ్ళి, తిరిగి వచ్చి, బండి స్టాండు వేసి అక్కడే కాసేపు కూర్చుండిపోయింది. అరిచేతుల్లో ఆయిలు ఉందని ముఖం మోచేత్తో తుడుచుకుంది. ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున పాలెం నుంచి కబురొచ్చింది. దుర్గకి ఆడపిల్ల. అక్క వేళకి చేరింది.

ఆదివారం బంటుమిల్లి ఆయన వచ్చాడు. తెల్లచొక్కా, చంకలో చిన్న సంచీ, మర్యాదస్తుడు. బావగారు బండి పరిస్థితి ముందే చెప్పేశారు. క్లచ్ పోయింది, దానికి తగ్గట్టు మాట్లాడుకుందాం అన్నారు. ఆయన ఒకసారి చూస్తానని గట్టు మీదికి తీసుకెళ్ళాడు. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆయన చాలా దూరం వెళ్ళి, ఎక్కీ దిగీ, నింపాదిగా వచ్చాడు.

"గుమాస్తాగారూ, మీరు మరీ నిజాయితీపరులండీ. క్లచ్ పోయిందన్నారు. ఇది కొత్త క్లచ్. వెన్నలా ఉంది. ఎక్కడ వేయించారు, బందరులోనా?"

బావగారికి అర్థం కాలేదు. అక్క వైపు చూశారు. బంటుమిల్లి ఆయన మాత్రం డబ్బు కోసం సంచీ జిప్పు తీస్తున్నాడు. అప్పుడు తెలిసింది మాకు, మేం చేసిన పని ఏమిటో. అక్క కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చి, "ఇక్కడేనండి. ఈ అరుగు మీద. నేనే వేశాను" అంది.

ఆయన నవ్వాడు. అక్క నవ్వకపోవడం చూసి ఆపాడు.

"నువ్వేశావామ్మా? ఇంజను విప్పి?"

"విప్పానండి. మా చెల్లెలు బోల్టులు కడిగింది."

లోపల్నుంచి అత్తగారు అందుకుంది, "అవును నాయనా. నా ఆవకాయ బేసినులో నానబెట్టి మరీ వేసింది."

ఆయన గ్లాసు అరుగు మీద పెట్టాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి మూత దగ్గర ఆయిలు కారుతోందేమో వేలితో తడిమి చూశాడు. వేలికి ఏమీ అంటలేదు. అయినా వేలు చొక్కాకి తగలకుండా పట్టుకునే నిలబడ్డాడు.

"ఇప్పుడు బాగానే నడిచింది కదండీ" అన్నారు బావగారు.

"నడిచిందండీ. కాదనను. ఏమనుకోకండి, మెకానిక్కు విప్పిన ఇంజను వేరు. లోపల ఏది ఎలా బిగించారో. రేపు చెరువు గట్టు మీద నడిమధ్యన ఆగిపోతే నేనెవర్ని అడగాలి? అమ్మాయిగారిని అడగలేను కదా." సంచీ జిప్పు వేసుకున్నాడు. కాఫీ మాత్రం తాగి, బాగుందని చెప్పి వెళ్ళాడు.

ఆయన మలుపు తిరిగాక బావగారు, "నిజంగా నువ్వే వేశావా?" అన్నారు. వేశానంది. "ఆయనకి చెప్పకుండా ఉంటే ఏమయ్యేది?" అన్నారు. "కొనేసేవాడు" అంది అక్క. మళ్ళీ ఆ బండి అమ్మే మాట ఆ ఇంట్లో రాలేదు. మరుసటి ఏడాది మాధవి పుట్టింది, అక్కకి పామర్రు వైపు బదిలీ అయింది, నాకు బందరులో టీచరు ఉద్యోగం వచ్చింది. బండి మాత్రం గుడివాడదాకా వెళ్ళింది. ఆ తర్వాత కూడా క్లచ్ ప్లేట్లు అరిగినప్పుడల్లా అక్కే వేసుకుంది.

ఇప్పుడు ఆ గట్లన్నీ సిమెంటు రోడ్లు. వరి ఉన్నచోట చెరువులు. మెకానిక్కు ఫోన్ చేస్తే ఇంటికే వస్తాడు. మా వీధిలో ఆడపిల్లలు స్కూటర్ల మీద కాలేజీకి వెళ్తారు, ఆ స్కూటర్లకి క్లచ్చే లేదు. ఎవరూ పక్కకి తప్పుకుని చూడరు. అదంతా మంచిదే. నాకు దానిమీద ఫిర్యాదేమీ లేదు, దాని గురించి సంతోషపడే ఓపికా లేదు.

కిందటేడు అక్క జబ్బుగా ఉన్నప్పుడు దగ్గర కూర్చుని ఈ సంగతి అడిగాను. ఇంట్లో అందరం దాన్ని ఏళ్ళ తరబడి నవ్వులాటగా చెప్పుకున్నాం. అత్తగారు బతికున్నన్నాళ్ళూ బంటుమిల్లి ఆయన్ని అనుకరించి చూపించేది, వేలు విడిగా పట్టుకుని. ఆ రోజు కావాలనే చెప్పావా అని అడిగాను. "వెన్నలా ఉందన్నాడు గుర్తుందా? ఆ మాట విన్నప్పుడు ఎంత బాగుందో. నోరు మూసుకుంటే ఆ మాట నాకు మిగిలేది, బండి పోయేది. చెబితే బండి ఉంటుందని తెలుసు. ఆడదాని చెయ్యంటే చాలు, వదిలేస్తాడని తెలుసు" అంది. ఆగి, "ఉద్యోగంలో కూడా చాలాసార్లు అలాగే నెట్టుకొచ్చానే. నా మీద నమ్మకం లేనివాళ్ళ దగ్గరే పని అయ్యేది" అంది. తర్వాత నిద్రపోయింది. నేను లేచి కిటికీ తలుపు దగ్గరగా వేశాను.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర బావగారు వచ్చినవాళ్ళకి చెబుతున్నారు, మా ఆవిడ మోటారు సైకిలు క్లచ్ తనే విప్పి వేసుకునేదండీ, అంత బాగా ఏ మెకానిక్కూ వెయ్యలేడండీ అని. విన్నవాళ్ళు తలలూపారు. ఆ రోజుల్లోనే అంత పనిమంతురాలా అన్నారు ఒకరు. ఇంకొకరు తన మనవడికి చెప్పాలన్నారు. ఒక్కరూ అనుమానపడలేదు. ఇప్పుడు నమ్మడానికి అభ్యంతరం ఏముంది, ఆ బండి ఎక్కాల్సిన పని ఎవరికీ లేదు. బావగారు నా వైపు తిరిగి, అవునా కాదా నువ్వు చెప్పు అన్నారు. అవునన్నాను. విస్తట్లో పెరుగన్నం మిగిలిపోయింది, మడిచేసి లేచాను.